ఐర్లండు పల్లెల్లోని నవీన శిలాయుగపు రాతి సమాధిని చూడడం ఎలా

ఐర్లండు పల్లెదారుల్లో ప్రయాణించేవారికి, గొర్రెలు మేసే పచ్చిక బయలు మధ్యలో నాలుగైదు నిలువు రాళ్లూ వాటి మీద ఒక పెద్ద బండా కనిపించడం అరుదేమీ కాదు. ఆ దీవిలో ఇలాంటి రాతి సమాధులు 1,500కు పైగా నమోదై ఉన్నాయి. అడవిని నరికి, గోధుమా బార్లీ చల్లి, పశువులను పెంచుతూ అక్కడ తొలిసారి సేద్యం చేసిన మనుషులు తమ వాళ్ల ఎముకలను దాచుకోవడానికి కట్టుకున్నవి వీటిలో చాలా భాగం. దారిన పోయేవారు ఎక్కువమంది కారు ఆపి, ఒక ఫోటో తీసుకొని, ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు. అక్కడ ఏమి చూడాలో ఎవరూ చెప్పకపోవడమే అందుకు కారణం.

డబ్లిన్, కార్క్, గాల్వే, లిమరిక్ నగరాల్లో చదువుల కోసమూ ఉద్యోగాల కోసమూ ఉంటున్న తెలుగువారిని, అక్కడికి చుట్టపుచూపుగా వెళ్లే వారి తల్లిదండ్రులను దృష్టిలో ఉంచుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. దీన్ని అనుసరించి వెళ్లినవారు, గైడు లేకపోయినా, తమ ముందున్న సమాధి ఏ రకానిదో, ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉందో, అందులో ఏది నిలిచి ఏది పోయిందో, ఏది తరువాతి కాలంలో చేరిందో తమంతట తాము చెప్పగలగాలన్నది నా కోరిక.

ఏ సమాధికి వెళ్లాలో నిర్ణయించుకోండి

పురావస్తు పరిశోధకులు ఐర్లండు రాతి సమాధులను నిర్మాణాన్ని బట్టి నాలుగు రకాలుగా విభజించారు. పటాల మీదా సూచిక ఫలకాల మీదా ఇంగ్లీషు పేర్లే ఉంటాయి కాబట్టి వాటినే గుర్తుపెట్టుకోవడం మేలు. ప్రవేశం దగ్గర రెండు ఎత్తైన రాళ్లు ద్వారబంధంలా నిలిచి, వాటి మీద ముందువైపు లేచి వెనుకవైపు వాలిన ఒక భారీ కప్పుబండ ఉంటే అది పోర్టల్ టూంబ్. జనం డాల్మెన్ అని పిలిచేది ఎక్కువగా దీన్నే. పొడవైన రాళ్ల గుట్టకు ఒక చివర పైకప్పు లేని ఆవరణ ఉండి, దాని నుంచి లోపలికి గదుల వరుస సాగితే అది కోర్ట్ టూంబ్. గుండ్రని గుట్టలోకి ఇరుకైన దారి వెళ్లి ఒక గదిలో ముగిస్తే అది పాసేజ్ టూంబ్. ముందువైపు ఎత్తుగా, వెడల్పుగా ఉండి వెనక్కి పోయేకొద్దీ కుంగుతూ సన్నబడేది వెడ్జ్ టూంబ్. మొదటి మూడు రకాలూ నవీన శిలాయుగానివి, అంటే ఐర్లండు విషయంలో సుమారు క్రీ.పూ. 4000 నుంచి 2500 వరకు సాగిన కాలానివి. వెడ్జ్ టూంబులు ఆ యుగం ముగిసి రాగి, కంచు వాడకం మొదలయ్యే సంధికాలంలో వచ్చాయి. సంఖ్యలో మాత్రం అవే అన్నిటికంటే ఎక్కువ, 500కు పైగా ఉన్నాయి.

ఐర్లండు వెళ్లిన ప్రతివారూ మొదట న్యూగ్రేంజ్ చూడాలనుకుంటారు. మీథ్ కౌంటీలో బోయిన్ నది ఒడ్డున సుమారు క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టిన ఆ పాసేజ్ టూంబ్ 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు. అయినా మొదటి సమాధిగా దాన్ని ఎంచుకోవద్దనే చెబుతాను. అక్కడికి సందర్శక కేంద్రం ద్వారా, టికెట్టు తీసుకొని, గుంపుతో పాటు, ఇచ్చిన సమయంలోనే వెళ్లాలి. లోపల నిలబడేది కొద్ది నిమిషాలే. నేర్చుకోవడానికి కావలసింది తీరిక. తీరిక దొరికేది పొలంలో ఒంటరిగా నిలిచిన సమాధి దగ్గరే.

డబ్లిన్‌లో ఉంటూ కారు లేనివారికి కార్లో పట్టణం అనువైనది. హ్యూస్టన్ స్టేషన్ నుంచి రైలులో కార్లో చేరితే, అక్కడికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో బ్రౌన్స్‌హిల్ పోర్టల్ టూంబ్ ఉంది. దాని కప్పుబండ బరువు 100 టన్నుల దాకా ఉంటుందని అంచనా. ఐరోపాలోనే అత్యంత బరువైన వాటిలో ఒకటిగా దాన్ని చెబుతారు. పొలం అంచున వేసిన కాలిబాట నేరుగా రాళ్ల దగ్గరికి తీసుకువెళుతుంది. కారు ఉన్నవారు ఒక పగలంతా కేటాయించి క్లేర్ కౌంటీలోని బర్రెన్ ప్రాంతానికి వెళ్లి, బాలీవాన్ గ్రామానికి దక్షిణంగా R480 రోడ్డు పక్కన ఉన్న పోల్నబ్రోన్‌ను చూడడం ఉత్తమం. స్లైగో వైపు వెళ్లేవారు క్లిఫనీ దగ్గర N15 రోడ్డు పక్కనున్న క్రీవీకీల్ కోర్ట్ టూంబ్‌ను వదులుకోకూడదు. ఈ మూడు చోట్లా ప్రవేశ రుసుము లేదు.

పటంలో వెతకండి

ఐర్లండు ప్రభుత్వపు నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ నిర్వహించే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ వ్యూయర్ అనే ఆన్‌లైన్ పటంలో నమోదైన ప్రతి ప్రాచీన కట్టడమూ ఒక చుక్కగా కనిపిస్తుంది. చుక్కను నొక్కితే ఆ కట్టడం రకం, అది ఏ టౌన్‌ల్యాండ్‌లో ఉంది, దాని నమోదు సంఖ్య, చాలా సందర్భాల్లో ఒక చిన్న వివరణ కూడా వస్తాయి. టౌన్‌ల్యాండ్ అంటే ఆ దేశంలో భూమికి ఉన్న అతి చిన్న పాలనా విభాగం. చాలా సమాధులకు వేరే పేరంటూ లేక టౌన్‌ల్యాండ్ పేరే స్థిరపడింది. నమోదు సంఖ్యను ముందే రాసిపెట్టుకోండి, తిరిగివచ్చాక మీ పరిశీలనను సరిపోల్చుకోవడానికి అది అవసరమవుతుంది. ఉత్తర ఐర్లండు యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాబట్టి అక్కడి సమాధులకు నమోదు పట్టికా చట్టమూ వేరు.

కాగితపు పటాలు, ముఖ్యంగా 1:50,000 కొలమానంలోని డిస్కవరీ శ్రేణి పటాలు, నేటికీ పనికివస్తాయి. పాత పటాల మీద ఈ సమాధులను కొన్నిచోట్ల రాక్షసుడి సమాధి అన్న అర్థంలో జెయంట్స్ గ్రేవ్ అనీ, ఇంకొన్ని చోట్ల ఐరిష్ పురాణ కథలో పారిపోయిన ప్రేమికులు డియర్మడ్, గ్రానియా రాత్రి పడుకున్న పాన్పు అనీ రాసి ఉంటుంది. అంతంత బండలను మామూలు మనుషులు ఎత్తలేరన్న నమ్మకం తెలంగాణలోనూ ఉంది. జానంపేట, మల్లూరు అడవుల్లోని రాతి సమాధులను అక్కడివారు రాక్షస గుళ్లు అంటారు.

ఈ పోలికను చూసి రెండూ ఒకే జాతివారు కట్టినవని అనుకోవద్దు. నిజాం కొలువులో పనిచేసిన ఫిలిప్ మెడోస్ టేలర్ దక్కనులో ఇలాంటి సమాధులను తవ్వి, 1860లలో డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ సంపుటంలో వాటి వివరాలు ప్రచురించినప్పుడు ఐరోపా సమాధులకూ వీటికీ చుట్టరికం ఉందనే భావించారు. తెలుగు నేల మీది రాతి సమాధులు సాధారణంగా ఇనుప యుగానివనీ, ఐర్లండు సమాధుల తరువాత రెండు మూడు వేల ఏళ్లకు వచ్చినవనీ నేడు మనకు తెలుసు. సంబంధం లేని రెండు జాతుల మనుషులు, తమ వాళ్లను రాతి గదిలో ఉంచాలని వేరువేరు కాలాల్లో తలచారు. ఇందులోని ఆశ్చర్యం చుట్టరికం కంటే చిన్నదేమీ కాదు.

కాలం, వెలుతురు, దుస్తులు

ఐర్లండులో వాన ఎప్పుడైనా పడుతుంది. నీరు చొరని పైకోటు, మడమల పైదాకా వచ్చే బూట్లు లేకుండా పొలంలో అడుగుపెట్టవద్దు. ఎండ కాస్తున్న రోజున కూడా గడ్డి తడిగానే ఉంటుంది. బర్రెన్‌లో ఇబ్బంది వేరే రకమైనది. అక్కడ నేలంతా పరిచిన సున్నపురాయి, దాని మధ్య కాలు ఇరుక్కునేంత లోతైన పగుళ్లు; కొన్ని పలకలు కాలు మోపగానే కదులుతాయి, వానలో మరీ జారతాయి. పెద్దవారిని తీసుకువెళితే చేతికర్ర వెంట ఉండాలి.

డిసెంబరులో డబ్లిన్ ప్రాంతంలో సూర్యుడు ఉదయం 8:40 ప్రాంతంలో ఉదయించి సాయంత్రం 4:10 ప్రాంతంలో అస్తమిస్తాడు కాబట్టి, శీతకాలపు ప్రయాణంలో పగటి సమయాన్ని జాగ్రత్తగా లెక్కవేసుకోవాలి. అయితే రాయిని చూడడానికి ఆ కాలమే మంచిదని నా అభిప్రాయం. సూర్యుడు దిగువన ఉన్నప్పుడు వెలుతురు రాతి మీద ఏటవాలుగా పడి, మిట్టమధ్యాహ్నం కనిపించని గీతలూ గుంటలూ పనిముట్ల దెబ్బలూ నీడలతో బయటపడతాయి. పైగా సమాధి చుట్టూ పెరిగే ఫెర్న్, బ్రాంబుల్ పొదలు శీతకాలంలో అణగి ఉండడం వల్ల రాళ్ల పాదాలు కూడా కనిపిస్తాయి. ఒక దిక్సూచి, చిన్న టార్చి, కొలతల టేపు, పెన్సిలు, గీతలు లేని కాగితాల పుస్తకం వెంట ఉంచుకోండి. పెన్సిలే ఎందుకంటే, తడిసిన కాగితం మీద పెన్ను రాయదు.

భూమి యజమాని అనుమతి

ఈ విషయాన్ని తేలికగా తీసుకోకూడదు. ఐర్లండులో ప్రైవేటు పొలాల మీదుగా నడిచే సాధారణ హక్కు జనానికి లేదు. సమాధికి చట్టపరమైన రక్షణ ఉన్నంత మాత్రాన, లేదా ప్రభుత్వ పటంలో చుక్క ఉన్నంత మాత్రాన, అక్కడికి వెళ్లే అనుమతి ఉన్నట్టు కాదు. దారి, ఫలకం, కంచె దాటే మెట్లు ఉన్న చోట్లకు నిశ్చింతగా వెళ్లవచ్చు. అవి లేని చోట, దగ్గరలోని ఇంటి తలుపు తట్టి, మీరెవరో, ఏమి చూడడానికి వచ్చారో చెప్పి అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది రైతులు ఒప్పుకోవడమే కాక, ఏ గేటు గుండా వెళ్లాలో, ఏ పొలంలో ఎద్దు ఉందో కూడా చెబుతారు. వద్దంటే ధన్యవాదాలు చెప్పి వెనుదిరగండి.

గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరచి ఉంటే తెరచే ఉంచండి. రాళ్లు పేర్చి కట్టిన పొలం గోడల్లో సున్నం గానీ మట్టి గానీ ఉండవు, వాటిని ఎక్కితే కూలిపోతాయి. దూడలున్న ఆవుల మధ్యగా నడవవద్దు. గొర్రెలు ఈనే వసంతకాలంలో కుక్కను తీసుకువెళ్లకూడదు. సన్నని తీగ కంచెలో కరెంటు ఉందని అనుకొనే మసలుకోండి. కారును గేటుకు అడ్డంగా నిలపవద్దు, ఆ గేటు గుండా ఏ క్షణాన ట్రాక్టరు రావాలో మనకు తెలియదు.

దగ్గరికి వెళ్లేముందు దూరం నుంచి

సమాధి కనిపించగానే దాని వద్దకు పరుగెత్తకుండా, వంద అడుగుల దూరంలో ఆగండి. చుట్టూ తిరిగి చూసి నాలుగు ప్రశ్నలు వేసుకోండి: నీరు ఎక్కడుంది, సాగుకు పనికివచ్చే నేల ఎక్కడుంది, ఇక్కడి నుంచి ఏ కొండ కనిపిస్తోంది, ఆ కొండ మీద గుట్ట ఏదైనా ఉందా? పోర్టల్ టూంబులు తరచుగా లోయల్లో, వాగుల దరిదాపుల్లో ఉంటాయి. పాసేజ్ టూంబులు ఎక్కువగా శిఖరాల మీద, చాలా దూరం నుంచి కనబడేలా ఉంటాయి. స్లైగోలో నాక్‌నరీ కొండ మీద రాణి మేవ్ పేరుతో పిలిచే భారీ గుట్ట ఆ చుట్టుపక్కల ఎక్కడి నుంచైనా కంటబడుతుంది, దాన్ని నేటివరకూ ఎవరూ తవ్వలేదు. కోర్ట్ టూంబులు ఎక్కువగా దీవి ఉత్తర భాగానికే పరిమితం.

ఆ తరువాత రాళ్ల చుట్టూ నేలను చూడండి. గడ్డి కింద మెల్లగా లేచి దిగే ఉబ్బు ఏదైనా ఉందేమో గమనించండి. సమాధి అంటే నిలిచిన రాళ్లు మాత్రమే కాదు, వాటి చుట్టూ చిన్న రాళ్లతో పేర్చిన గుట్ట కూడా. పొలం గోడలకూ రోడ్లకూ సున్నపు బట్టీలకూ శతాబ్దాల పాటు ఆ చిన్న రాళ్లను తరలించడం వల్ల చాలాచోట్ల లోపలి అస్థిపంజరం మాత్రమే బయట మిగిలింది. గుట్ట అంచును అడుగులతో కొలిచి, దాని ఆకారం గుండ్రమా, అండాకారమా, ఒక చివర వెడల్పైన పొడుగాటి ఆకారమా అన్నది పుస్తకంలో గీసుకోండి. ఆ ఆకారమే సమాధి రకాన్ని సగం చెబుతుంది.

రాళ్లను వరుసగా గుర్తించండి

ఇప్పుడు దగ్గరికి వెళ్లి, లోపలికి తొంగి చూడకుండా, ముందుగా బయట ఒక చుట్టు తిరగండి. ప్రతి పెద్ద రాయికీ మీ బొమ్మలో ఒక సంఖ్య ఇవ్వండి. రెండో చుట్టులో ఒక్కొక్క రాయి చేస్తున్న పని ఏమిటని అడగండి.

పోర్టల్ టూంబ్ అయితే ప్రవేశానికి రెండు వైపులా ఉన్న జత రాళ్లను మొదట వెతకండి. అవి మిగిలిన వాటికంటే ఎత్తుగా, దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా ఒక రాయి నిలిపి ఉంటే అది తలుపు రాయి, తక్కువ ఎత్తులో ఉంటే గడప రాయి. పక్క రాళ్లు, వెనుక రాయి కలిసి గదిని మూస్తాయి. ఆపైన కప్పుబండ దగ్గరికి రండి. అది నిజంగా ఎన్ని చోట్ల ఆనుతోందో వంగి చూస్తే, అంత బరువును మోస్తున్నది మూడు చిన్న బిందువులేనని చాలాసార్లు తెలుస్తుంది. పక్క రాళ్లకూ బండకూ మధ్య సందులోంచి ఆకాశం కూడా కనిపించవచ్చు. మట్టి, రాళ్లతో ఏటవాలు కట్టలు పోసి, దుంగల మీదుగా, తాళ్లతో లాగి, మీట దుంగలతో ఎత్తి ఈ బండలను పైకి చేర్చి ఉంటారని పరిశోధకుల అంచనా. అది ఒక కుటుంబం చేయగల పని కాదు. పదుల మందికి తిండి పెట్టి, ఒకరి మాట మీద నడిపించగల సమాజం ఆనాటికే ఉందని ఆ బండే చెబుతోంది.

పోల్నబ్రోన్ బండ బ్రౌన్స్‌హిల్ దానితో పోలిస్తే పలుచనిది. సుమారు 4 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల మందం గల సున్నపురాతి పలక అది. బర్రెన్ నేల సహజంగానే పలకలు పలకలుగా చీలుతుంది కాబట్టి కట్టినవారికి రాయి పక్కనే దొరికింది. అక్కడ ఒక తాడు కట్టి ఉంటుంది, దాన్ని దాటకూడదు. తాడు ఇవతలి నుంచే అన్ని భాగాలూ స్పష్టంగా కనిపిస్తాయి. చుట్టూ ఉన్న తక్కువ ఎత్తు రాళ్ల కుప్పను కూడా గమనించండి. నిలువు రాళ్లు కదలకుండా పట్టి ఉంచడమే దాని ముఖ్యమైన పని.

క్రీవీకీల్‌లో పని ఎక్కువ, ఆనందమూ ఎక్కువే. సుమారు 50 మీటర్ల పొడవైన గుట్ట తూర్పు చివర నుంచి ఇరుకైన దారిలో లోపలికి వెళితే, చుట్టూ నిలువు రాళ్లతో దాదాపు 15 మీటర్ల పొడవైన అండాకార ఆవరణ వస్తుంది. మన పాత ఇళ్లలో గదులకు ముందుండే వాకిలిలాగా అది జనం గుమిగూడే చోటు. గదుల్లో మృతులు, వాకిట్లో బతికి ఉన్నవారు. ఆవరణ పడమటి చివర ఒక ద్వారం, దానిపై అడ్డరాయి, దాని వెనుక ఒకదాని వెంట ఒకటిగా రెండు గదులు. గదిని గదితో విడదీసే జత రాళ్లను వెతకండి. అక్కడి నుంచి గుట్ట వెనుక భాగానికి వెళితే, పక్కల నుంచి తెరుచుకునే చిన్న గదులు విడిగా ఉన్నాయి. 1935లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ బృందం ఈ సమాధిని తవ్వినప్పుడు దహనం చేసిన ఎముకలు, మట్టికుండల పెంకులు, చెకుముకి రాతి బాణపు మొనలు, నునుపు చేసిన రాతి గొడ్డళ్లు దొరికాయి.

పాసేజ్ టూంబ్‌లో రెండు విషయాలు చూడాలి. మొదటిది గది పైకప్పు: ఒక్కొక్క వరుస రాళ్లను కింది వరుస కంటే కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయి, చివరికి పైన ఒకే రాయితో మూస్తారు. న్యూగ్రేంజ్‌లో ఇలా పేర్చిన కప్పు ఐదు వేల ఏళ్లుగా కూలలేదు. రెండోది చెక్కడాలు. సుడులు, వలయాలు, వజ్రాకారాలు, వంకర గీతలు రాతి మీద గట్టి రాతి మొనతో పొడిచి పొడిచి చేసినవి. టార్చిని రాతికి ఎదురుగా కాక పక్క నుంచి పట్టుకుంటే తేలి వస్తాయి. బోయిన్ లోయలోని నౌత్‌లోనూ, మీథ్ కౌంటీలోనే ఓల్డ్‌కాజిల్ దగ్గరి లాక్రూ కొండల మీదా ఇవి విస్తారంగా ఉన్నాయి. మిగతా మూడు రకాల సమాధుల్లో చెక్కడాలు చాలా అరుదు కాబట్టి, అక్కడ గీతలు కనిపిస్తే వాన నీరు తొలిచినవో, నాగలి గీసినవో అని ముందుగా అనుమానించండి. లాక్రూ గదుల లోపలికి ప్రవేశం ఎల్లప్పుడూ ఉండదు, భద్రత దృష్ట్యా మూసి ఉంచుతారు. బయలుదేరే ముందే విచారించుకోండి.

దిక్కును నిర్ణయించండి

గది వెనుక రాయి వైపు నిలబడినట్టు ఊహించుకొని, ప్రవేశం నడిమధ్య గుండా బయటికి చూసే రేఖే సమాధి దిక్కు. గది లోపలికి పోకుండానే, వెనుక నుంచి ముందుకు రెండు బిందువులు కలిపి ఆ రేఖను పట్టుకోవచ్చు. ఫోను దిక్సూచి వాడితే కారుకూ ఇనుప కంచెకూ దూరంగా జరిగి, రెండు మూడు చోట్ల చూసి సరాసరి తీసుకోండి.

కోర్ట్ టూంబులు అధికంగా తూర్పు వైపుకు చూస్తాయి. వెడ్జ్ టూంబులు దాదాపు అన్నీ పడమర, నైరుతి దిక్కులకు తెరుచుకుంటాయి. సూర్యుడు అస్తమించే వైపు అన్నమాట. పోర్టల్ టూంబుల్లో తూర్పు ఎక్కువే గాని, పోల్నబ్రోన్ ఉత్తరానికి చూస్తుంది. న్యూగ్రేంజ్‌లో ద్వారం పైన ప్రత్యేకంగా కట్టిన ఒక చిన్న గవాక్షం గుండా శీతకాలపు అయనాంతం రోజుల్లో ఉదయపు కిరణం 19 మీటర్ల దారి దాటి గది నేలను తాకుతుంది. తవ్వకాలు జరిపిన ఆచార్యుడు మైఖేల్ ఓకెలీ 1967 డిసెంబరు 21న లోపల నిలబడి దాన్ని చూశారు. ఆ దృశ్యం కోసం నేడు లాటరీలో పేరు రావాలి. లాక్రూలోని కెయిర్న్ టీ అనే సమాధిలో మాత్రం పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజుల ఉదయపు వెలుగు వెనుక రాతి మీది చెక్కడాల మీద పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ అక్షాంశాల్లో సూర్యోదయం ఏడాది పొడవునా దాదాపు ఈశాన్యం నుంచి ఆగ్నేయం దాకా జరుగుతూ ఉంటుంది. కాబట్టి తూర్పు ముఖంగా ఉన్న ఏ సమాధిలోకైనా ఏదో ఒక రోజున ఉదయపు ఎండ వస్తుంది. అది ఉద్దేశపూర్వకంగా చేసినదని చెప్పడానికి న్యూగ్రేంజ్ గవాక్షం వంటి ప్రత్యేక నిర్మాణమో, ఒక ప్రాంతంలోని అనేక సమాధుల్లో ఒకే అలవాటో కనబడాలి.

పాతదాన్నీ తరువాత చేరినదాన్నీ వేరు చేయండి

ఐదు వేల ఏళ్లలో ఏ సమాధీ కట్టినట్టుగా మిగలలేదు. కాంక్రీటు స్తంభం, ఇనుప దూలం, సిమెంటు పూత కనిపిస్తే అవి మరమ్మతులని వెంటనే తెలుస్తుంది. రాతిని రాతితోనే మార్చినప్పుడు తెలుసుకోవడం కష్టం. పోల్నబ్రోన్‌లో ప్రవేశపు తూర్పు రాయి పగిలిందని 1985లో గుర్తించి, దాని స్థానంలో కొత్త రాయిని నిలిపారు. న్యూగ్రేంజ్ ముందున్న తెల్లని స్ఫటికపు గోడ 1960లు, 70లలో జరిగిన తవ్వకాల తరువాత పునర్నిర్మించినది. నేల మీద పడి ఉన్న స్ఫటికపు రాళ్లు మొదట నిలువు గోడగా ఉండేవని ఓకెలీ వాదించారు, అవి ద్వారం ముందు నేల మీద పరచినవని మరికొందరు పరిశోధకులు వాదించారు. ఆ గోడను చూసేటప్పుడు ఈ వివాదాన్ని మనసులో ఉంచుకోవాలి.

సిమెంటు ఒక్కటే తరువాతి చేరిక కాదు. క్రీవీకీల్ ఆవరణలో ఒక పక్క కనిపించే చిన్న గుండ్రని కట్టడం క్రైస్తవ మతం వచ్చిన తరువాతి శతాబ్దాల నాటి బట్టీ. సమాధి కట్టినవారికీ దానికీ నడుమ మూడు వేల ఏళ్లకు పైగా దూరం ఉంది. ఇలాంటివి చూసి నిరాశ పడవద్దు.

లోపల ఉంచిన మనుషుల గురించి తెలుసుకొని నిలబడండి

ఐర్లండు నేలలో చాలా భాగం ఆమ్లగుణం కలది కాబట్టి కాల్చని ఎముకలు కరిగిపోయాయి, చాలా సమాధుల్లో తవ్వినా మనుషుల జాడ స్వల్పమే. బర్రెన్ సున్నపురాయి మాత్రం ఎముకలను కాపాడింది. అందుకే పోల్నబ్రోన్ గురించి మనకు ఇంత తెలుసు, అందుకే ఒక్క సమాధినే చూడగలిగే వీలున్నవారికి నేను దాన్నే సూచిస్తాను.

1986లో ఆన్ లించ్ నేతృత్వంలో జరిగిన తవ్వకాల్లో ముప్పై మందికి పైగా మనుషుల ఎముకలు విడివిడిగా, కలగలిసి బయటపడ్డాయి. అందులో ఆడవారు, మగవారు, పిల్లలు, పసికందులు ఉన్నారు. క్రీ.పూ. 3800 నుంచి 3200 వరకు, అంటే సుమారు ఆరు వందల ఏళ్ల పాటు, ఈ చిన్న గదిని వాడారు. పెద్దవారిలో ఎక్కువమంది ముప్పై ఏళ్లు నిండకముందే చనిపోయారు. బరువులు మోసిన శరీరాలవని కీళ్ల అరుగుదల చెబుతోంది. పిల్లల పళ్లు ఆకలి, జబ్బుల కాలాలను చూపాయి. ఒక మగవాడి తుంటి ఎముకలో రాతి మొన దిగబడి ఉంది.

2020లో ట్రినిటీ కాలేజ్ డబ్లిన్ పరిశోధకులు ప్రచురించిన ప్రాచీన డీఎన్‌ఏ అధ్యయనం ఈ గదిలోని ఒక పసిబాలుడికి డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టు తేల్చింది. అప్పటివరకు డీఎన్‌ఏ ద్వారా గుర్తించిన వాటిలో అదే అత్యంత ప్రాచీనమైనది, సుమారు 5,500 ఏళ్ల నాటిది. ఆ బిడ్డ తల్లిపాలు తాగాడని ఎముకల రసాయన విశ్లేషణ సూచించింది. ఆరు వందల ఏళ్లలో ముప్పై చిల్లర మందికే చోటు దక్కిన గదిలో అతన్ని కూడా ఉంచారు. ఈ సంగతులు తెలిసి ఆ తాడు దగ్గర నిలబడడం వేరు, తెలియక ఫోటో తీసుకోవడం వేరు. దయచేసి ఒక్క నిమిషం మౌనంగా ఉండండి.

చేయకూడని పనులు

కప్పుబండ మీదికి ఎక్కవద్దు, పిల్లలను ఎక్కించి ఫోటో తీయవద్దు. మూడు బిందువుల మీద నిలిచిన బరువు సంగతి ముందే చెప్పాను. గది లోపల కొవ్వొత్తి, దీపం, అగరుబత్తి వెలిగించవద్దు. భక్తితో చేసినా వేడికి రాయి పెచ్చులు లేస్తుంది, మసి చెక్కడాలను కప్పేస్తుంది. పగుళ్లలో నాణేలు గుచ్చవద్దు. చెక్కడం బాగా కనబడాలని సుద్దతో గాని నీటితో గాని రుద్దవద్దు. గుట్ట మీది రాయిని జ్ఞాపకంగా తెచ్చుకోవద్దు, ఇంకొక రాయిని దాని మీద పేర్చనూ వద్దు. నాక్‌నరీ గుట్ట ఎక్కేవారి అడుగుల వల్లనే అరిగిపోతోంది. లైసెన్సు లేకుండా మెటల్ డిటెక్టర్‌తో వెతకడం ఐర్లండులో నేరం. నేల మీద గొడ్డలి రాయి గాని, ఎముక గాని, కుండపెంకు గాని కనిపిస్తే తీయకుండా, ఉన్నచోటే ఫోటో తీసి, స్థలాన్ని గుర్తుపెట్టుకొని, నేషనల్ మ్యూజియం ఆఫ్ ఐర్లండ్‌కు వెంటనే తెలియజేయండి. యజమాని లేని పురావస్తువులు అక్కడి చట్టం ప్రకారం రాజ్యానికి చెందుతాయి.

తిరిగివచ్చాక

అదే రోజు రాత్రి, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే, మీ బొమ్మను శుభ్రంగా మళ్లీ గీయండి. ప్రతి రాయి సంఖ్య, కొలత, సమాధి దిక్కు, మరమ్మతుల గుర్తులు పక్కన రాయండి. ఆ తరువాతే ముందు రాసిపెట్టుకున్న నమోదు సంఖ్యతో అధికారిక వివరణను తెరిచి చదవండి. ముందే చదివి వెళితే కళ్లు చదివినదాన్నే వెతుకుతాయి గనుక ఈ క్రమాన్ని మార్చవద్దని గట్టిగా చెబుతున్నాను. రెండిటికీ తేడా వచ్చిన చోట్లను గుర్తించి, వీలైతే ఆ సమాధికే ఇంకొక కాలంలో, ఇంకొక వెలుతురులో మళ్లీ వెళ్లండి. కొత్తగా రాయి పడిపోవడం, నిప్పు మచ్చలు, తవ్విన గుంట వంటివి మీ ఫోటోల్లో కనిపిస్తే నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్‌కు రాయండి. తేదీ ఉన్న ఫోటో వారికి ఎంతో ఉపయోగం.

డబ్లిన్‌లో కిల్డేర్ వీధిలోని నేషనల్ మ్యూజియం పురావస్తు విభాగానికి ప్రవేశం ఉచితం. నౌత్ సమాధిలో దొరికిన, సుడులు చెక్కిన చెకుముకి రాతి గద తల అక్కడ ఉంది. పోల్నబ్రోన్‌కు కొద్ది దూరంలో అదే R480 పక్కన గ్లెనిన్‌షీన్ వెడ్జ్ టూంబ్ ఉంది. ఆ పరిసరాల్లో రాతి పగులులో 1930లలో దొరికిన, సమాధి కంటే ఎంతో తరువాతి కాలపు బంగారు కంఠాభరణం కూడా అదే మ్యూజియంలో చూడవచ్చు. రెండో ప్రయాణానికి మీ మొదటి సమాధి కంటే వేరే రకాన్ని ఎంచుకోండి. పోర్టల్ టూంబ్ చూసినవారు క్రీవీకీల్‌కో, దక్షిణాన ఉన్నవారు కార్క్ కౌంటీలో గ్లాన్‌వర్త్ దగ్గరి లాబకాలీ వెడ్జ్ టూంబ్‌కో వెళ్లవచ్చు. 1934లో తవ్విన ఆ సమాధిలో తల లేని ఒక స్త్రీ అస్థిపంజరం చిన్న గదిలోనూ, పుర్రె పెద్ద గదిలోనూ దొరికాయి. అక్కడికి చేరాక మొదట దిక్సూచి తీయండి, అది పడమరకు చూస్తున్నదని మీరే నిర్ధారించుకున్న తరువాత రాళ్లకు సంఖ్యలు వేయడం మొదలుపెట్టండి.